అల్లుడు తెచ్చిన ఐఫోన్ 17కు కంపెనీ తాళం: హనుమకొండలో తీయించవచ్చా?

నక్కలగుట్ట పెద్దాయన
అక్టోబరు 10, 2025

అందరికీ నమస్కారం. విద్యుత్ శాఖలో 34 ఏళ్లు చేసి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. కరెంటు మీటరు గురించి నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఫోను విషయంలో మాత్రం నేను ఒకటో తరగతి.

మా అమ్మాయి, అల్లుడు డాలస్‌లో ఉంటారు. దసరాకు వస్తూ నాకు ఐఫోన్ 17 తెచ్చారు. అక్కడ సెప్టెంబరు 19న అమ్మకానికి వచ్చిన ఫోను 27కల్లా మా ఇంట్లో ఉంది. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర మా ఆవిడ ఫొటోలన్నీ దానితోనే తీసింది. ఫొటోకు సిమ్ అక్కర్లేదు కదా, అందుకని ఎవరికీ అనుమానం రాలేదు.

పిల్లలు 5న విమానం ఎక్కారు. 6న నా సిమ్ వేసుకుందామని కూర్చుంటే సిమ్ పెట్టే అర ఎక్కడా కనిపించలేదు. పిన్ను పట్టుకుని నాలుగు పక్కలా వెతికాను. చివరికి స్పీకరు రంధ్రంలో గుచ్చబోతుంటే పక్కింటి అబ్బాయి చెయ్యి పట్టుకుని ఆపాడు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచే అమెరికా ఫోన్లకు ఆ అర తీసేశారట, అంతా ఇ-సిమ్మేనట, అంటే ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోనులోకే ఎక్కించే సిమ్. సరేనని నా నెట్‌వర్క్ కంపెనీ దుకాణానికి వెళ్లి ఇ-సిమ్‌కు మార్చమన్నాను. మార్చారు. నా పాత సిమ్ ప్రాణం పోయింది. కొత్త ఫోనేమో, నేను వేరే కంపెనీ సొత్తును, ఈ సిమ్‌ను చేర్చుకోను అనే అర్థంలో ఒక సందేశం చూపించి ఊరుకుంది.

మళ్లీ వెళ్లి మళ్లీ ప్లాస్టిక్ సిమ్ తీసుకున్నాను. సిమ్ మారిస్తే 24 గంటలపాటు ఎస్ఎంఎస్‌లు ఆపేస్తారని అప్పుడు తెలిసింది. నేను రెండుసార్లు మార్చాను, కాబట్టి రెండు రోజులు ఓటీపీ లేదు. గ్యాస్ సిలిండరు గుమ్మం దాకా వచ్చి, నేను కోడ్ చెప్పలేకపోయినందుకు వెనక్కి వెళ్లింది. మా ఆవిడ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

అమ్మిన నెట్‌వర్క్ కంపెనీ ఫోనుకు తాళం వేసిందన్నమాట, వేరే కంపెనీ సిమ్ పనిచేయదు. ఇప్పుడు ప్రశ్న. హనుమకొండ చౌరస్తాలో ఒక మొబైల్ దుకాణం అతను 6,500 అడిగాడు. సర్వర్ నుంచి తాళం తీయిస్తాడట, ఫోను మూడు రోజులు అతని దగ్గరే ఉంచాలట, సగం డబ్బు ముందే కట్టాలట. వరంగల్ చౌరస్తాలో ఇంకొకతను, ఈ మోడల్‌కు ఎవరూ తీయలేరు, ఎవరు తీస్తామన్నా నమ్మకండి అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజం?

డబ్బు పూర్తిగా తీరేదాకా కంపెనీ తాళం తీయదట. అల్లుణ్ణే అడగవచ్చు కదా అంటారేమో. ప్రేమగా తెచ్చిచ్చిన వస్తువును చేతిలో పెట్టుకుని, బాబూ, దీని డబ్బు పూర్తిగా కట్టేశావా అని మామ అడిగితే ఎలా ఉంటుందో మీరే చెప్పండి.


టంకం పెట్టె
అక్టోబరు 10

సార్, కరీంనగర్ బస్టాండు దగ్గర పదకొండేళ్లు మరమ్మతుల దుకాణం నడిపాను. వరంగల్ చౌరస్తా అతను నిజాయితీపరుడు. ఈసారి చార్జరు కొనాలంటే ఆయన దగ్గరే కొనండి.

ముందు ఒకటి చూసుకోండి. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి కిందికి జరిపితే క్యారియర్ లాక్ అనే వరుస ఉంటుంది. తాళం లేని ఫోనులో ఆ పక్కన సిమ్‌కు ఏ అడ్డూ లేదని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మీ దానిలో తాళం ఉందనే ఉంటుంది. అయినా కళ్లారా చూస్తే మనసు కుదుటపడుతుంది.

ప్రతి సిమ్‌లో ఐఎంఎస్ఐ అని ఒక నంబరు ఉంటుంది. దాని మొదటి అంకెలు దేశాన్ని, కంపెనీని చెబుతాయి. మన దేశానివి 404, 405తో మొదలవుతాయి, అమెరికావి 310 లాంటి వాటితో. తాళం పడిన ఫోను ఆ అంకెలు చదివి, తన కంపెనీవి కాకపోతే వద్దంటుంది. ఏ కంపెనీ సిమ్‌లను ఒప్పుకోవాలో నిర్ణయించేది మాత్రం మీ చేతిలోని ఫోను కాదు. మీ ఐఎంఈఐకి, అంటే ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరుకు ఎదురుగా ఆపిల్ సర్వర్‌లో రాసి ఉంటుంది. ఆ రాతను మార్చమని ఆపిల్‌కు చెప్పగలిగింది ఫోను అమ్మిన నెట్‌వర్క్ కంపెనీ ఒక్కటే. పాత నోకియాల్లో లాగా మీటలు నొక్కి కొట్టే కోడ్ దీనికి లేదు.

మీ వృత్తి భాషలో చెప్పాలంటే ఇది మీటరు మీద వేసిన సీలు కాదు, కటింగ్ ప్లయర్‌తో తెంపడానికి. సబ్‌స్టేషన్‌లో ఆపేసిన ఫీడరు. ఇంట్లో ఎన్ని తీగలు విప్పి మళ్లీ కలిపినా బల్బు వెలగదు.


పరకాల కుర్రాడు
అక్టోబరు 10

ఎవరూ తీయలేరన్నది తప్పు. మా బావ ఐఫోన్ 12 కూడా అమెరికా నుంచి తాళంతోనే వచ్చింది. 1,500 ఇచ్చి చేయించుకున్నాడు, ఇప్పటికీ అదే వాడుతున్నాడు. పెద్దాయనను ఊరికే భయపెట్టకండి.


టంకం పెట్టె
అక్టోబరు 11

తమ్ముడూ, మీ బావ ఫోనుకు తాళం తీయలేదు. కాపలావాడి కళ్లకు గంతలు కట్టారు, అంతే.

అలాంటివి నేనూ కొన్ని వందలు పెట్టాను. సిగరెట్ డబ్బాలోని రేకంత పలచగా ఒక చిప్పు వస్తుంది. సిమ్ కింద దాన్ని అతికించి, రెండింటినీ కలిపి అరలోకి తోయాలి. కొంచెం వంకరగా కూర్చున్నా అర బిగుసుకుపోతుంది, అప్పుడు పట్టకారుతో చెమటలు పట్టేలా లాగాలి. ఆ చిప్పు సిమ్‌కూ ఫోనుకూ మధ్యలో కూర్చుని, ఇది మీ కంపెనీ సిమ్మే అని అబద్ధం చెబుతుంది. ఆపిల్ ఆ అబద్ధాన్ని పట్టుకుని సాఫ్ట్‌వేర్ మార్చిన రోజున సిగ్నల్ పోతుంది. మర్నాడు పొద్దున నా దుకాణం ముందు వరస. మీ బావ ఫోను అప్‌డేట్ చేస్తాడేమో ఒకసారి అడగండి.

పైగా ఆ చిప్పు పెట్టడానికి అర ఉండాలి. పెద్దాయన ఫోనుకు అదే లేదు.


పరకాల కుర్రాడు
అక్టోబరు 11

అడిగాను. అప్‌డేట్ నొక్కితే ఫోను పోతుందని దుకాణం అతను చెప్పాడట. మూడేళ్ల నుంచి చేయలేదట. ఈ సంగతి మా అక్కకు కూడా ఈ రోజే తెలిసింది.


జెర్సీలో జనగామ
అక్టోబరు 11

పెద్దాయనా, నమస్కారం. మాది జనగామ, న్యూజెర్సీలో ఉంటున్నాను. మీరు అల్లుణ్ణి అడగలేనన్న మాట చదివి నవ్వుకున్నాను, తర్వాత కొంచెం ఇబ్బంది కూడా పడ్డాను. పోయిన ఏడాది మా మామయ్యకు నేను చేసిందీ ఇదే.

ఇక్కడ కొత్త ఫోను ఉచితం అని గోడంత అక్షరాలతో రాస్తారు. ఉచితం అంటే ఏమిటో చెబుతాను. ఐఫోన్ 17 ధర 799 డాలర్లు. పాత ఫోను తీసుకుని, ఈ ధరను 36 కిస్తీలు చేస్తారు. నెలకు 22 డాలర్ల చిల్లర. ప్రతి నెలా బిల్లులో ఆ 22 వేస్తారు, కింద వరుసలో అదే 22 తీసేస్తారు. మీ అల్లుడి జేబులోంచి దీనికి ఏమీ పోవడం లేదు, కాబట్టి అతని దృష్టిలో ఇది అప్పే కాదు. కంపెనీ లెక్కలో మాత్రం మూడేళ్ల అప్పు. అప్పు తీరేదాకా తాళం తీయరు. మిగిలినది ఒకేసారి కట్టేస్తానంటే కట్టించుకుంటారు, కానీ చాలా ఆఫర్లలో అప్పటి నుంచి ఆ తీసివేత ఆగిపోతుంది. అంటే ఉచిత ఫోను పూర్తి ధర ఫోను అవుతుంది. ఇందులో మీ అల్లుడు దాచిందేమీ ఉండకపోవచ్చు. బిల్లు రెండో పేజీ చదివేవాళ్లు ఇక్కడ తక్కువ, నేనూ చదవలేదు.

కట్టేసినా వెంటనే తీస్తారని లేదు. ఇక్కడి నెట్‌వర్క్ కంపెనీల్లో టీ-మొబైల్ అయితే ఆ ఫోను వాళ్ల నెట్‌వర్క్‌లో 40 రోజులు వాడి ఉండాలంటుంది, ఏటీ అండ్ టీ 60 రోజులు అంటుంది. మీ ఫోను ఇక్కడ ఉన్నది వారం. హనుమకొండలో బీరువాలో ఎన్ని నెలలున్నా ఆ లెక్కలోకి రాదు.

ఆ 6,500 సంగతి. సర్వర్ అన్‌లాక్ అన్నది పూర్తిగా కట్టుకథ కాదు, అందుకే జనం నమ్ముతారు. మహమ్మద్ ఫహద్ అనే అతను ఏటీ అండ్ టీ కాల్ సెంటర్ ఉద్యోగులకు లంచాలిచ్చి 2012 నుంచి 2017 వరకు ఇదే పని చేయించాడు. దాదాపు 19 లక్షల ఫోన్లు. 2021లో 12 ఏళ్ల జైలు పడింది. టీ-మొబైల్ ఫోన్లు అమ్ముకునే దుకాణదారు ఒకడు ఉద్యోగుల పాస్‌వర్డ్‌లు కాజేసి అన్‌లాక్ చేసినందుకు 2022లో 10 ఏళ్లు. ఆ సర్వర్ వెనక ఉండేది ఇలాంటి దారులే. చౌరస్తా దుకాణం అతనికి ఆ దారి కూడా ఉండకపోవచ్చు. ఏదో వెబ్‌సైటుకు మీ ఐఎంఈఐ పంపి, మూడు రోజులయ్యాక కుదరలేదు సార్ అంటాడు. ముందు కట్టిన సగం తిరిగి రావడం కష్టం.

అతను ఐఎంఈఐ మారుస్తానంటే మాత్రం ఫోను లాక్కుని వచ్చేయండి. మన 2023 టెలికాం చట్టం ప్రకారం దానికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా.

2014లో ఇక్కడ ఒక చట్టం వచ్చింది, దాని ప్రకారం తాళం తీయించుకోవడం నేరం కాదు అని వాదించేవాళ్లుంటారు. నిజమే. మీ తాళం మీరు తీసుకుంటే తప్పు కాదని ఆ చట్టం అంది. తాళంచెవి మీ చేతికి ఇవ్వాలని కంపెనీకి చెప్పలేదు.


సుబేదారి అత్తమ్మ
అక్టోబరు 11

మా అబ్బాయి టొరంటో నుంచి తెచ్చిన ఫోనులో నా సిమ్ వేసిన నిమిషానికి పనిచేసింది. అక్కడ 2017 డిసెంబరు నుంచి తాళం వేసి అమ్మడానికే వీల్లేదట, ఇంగ్లండులో 2021 డిసెంబరు నుంచి. అన్నయ్య గారూ, ఈసారి సంబంధం కెనడాలో చూడండి.


నక్కలగుట్ట పెద్దాయన
అక్టోబరు 13

అందరికీ ధన్యవాదాలు. సుబేదారి చెల్లెమ్మా, నాకు ఉన్నది ఒక్కతే కూతురు.

క్యారియర్ లాక్ వరుస చూశాను. తాళం ఉంది. ఫీడరు మాటతో నాకు మొత్తం అర్థమైంది. నా ఉద్యోగంలో సీలు తెంపిన వాళ్లను వందల మందిని చూశాను. ప్రతి ఒక్కడూ ఎవరో చేసి పెట్టారు సార్, నాకేమీ తెలియదు అనేవాడు. రేపు నేను ఆ మాట అనే స్థితిలో ఉండదలచుకోలేదు.

అల్లుణ్ణి అడగలేదు, అమ్మాయిని అడిగాను. అది కూడా ఫోను గురించి కాదు. అమ్మా, మీ బిల్లు నెలకు ఎంత వస్తుంది, రెండో పేజీలో ఏముంటుంది అని. నాన్నా, మీకు మా బిల్లుతో ఏం పని అంటూనే తెరిచి చదివింది. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయింది. 36లో ఒక కిస్తీ అయింది, ఇంకా 35. ఇప్పుడే కట్టేస్తే 777 డాలర్లు, మన లెక్కలో 68 వేలకు పైనే. ఇక్కడ తాళం లేని కొత్త ఫోనే 82,900. అమ్మాయి వెంటనే కట్టేస్తానంది, నేను వద్దన్నాను. ఈ లోపల అల్లుడు ఫోను అందుకుని, మామయ్యా, నిజంగా నాకు తెలియదు, దుకాణంలో ఉచితం అన్నారు అన్నాడు. తెలియదని నాకు తెలుసు బాబూ అన్నాను. ఇద్దరికీ కాసేపు ఏం మాట్లాడాలో తోచక, డాలస్‌లో వాన పడుతోందా అని అడిగాను. లేదన్నాడు.

అనుకున్నది ఇది. సంక్రాంతికి వాళ్ల స్నేహితుడు వస్తున్నాడు, అతని వెంట ఫోను డాలస్‌కు తిరిగి వెళుతుంది. అల్లుడే వాడుకుంటాడు, అతని పాత ఫోను నాకు వస్తుంది. దాని డబ్బు ఎప్పుడో తీరిపోయింది, తాళం లేదు. ఈసారి అమ్మాయి చేత అబౌట్ పేజీని ఫొటో తీయించి మరీ తెప్పించుకున్నాను. అదీ అర లేని ఫోనే. సిమ్ మార్చేది మాత్రం గ్యాస్ వచ్చిన మర్నాడే.

అప్పటి దాకా ఐఫోన్ 17 ఇంట్లో వైఫై మీద మా ఆవిడ దగ్గరుంటుంది. వెనక్కి పంపాలన్న సంగతి ఆవిడకు ఇంకా చెప్పలేదు.

హనుమకొండ చౌరస్తా దుకాణం అతను నిన్న సాయంత్రం నా పాత ఫోనుకు కాల్ చేశాడు. నాలుగు వేలకు దిగాడు.