ఉచ్చులో చిక్కి బతికిన కుక్కను చీనీ (బత్తాయి) తోటకు ఇవ్వాలా, ఇంటికి ఇవ్వాలా?

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్కారం. కళ్యాణదుర్గం రోడ్డు వైపు పొలాల్లో అడవిపందుల కోసం పెట్టిన తీగ ఉచ్చు మెడకు బిగుసుకుని పడివున్న ఒక ఆడకుక్కను ఈ వేసవిలో ఇంటికి తెచ్చుకున్నాం. పళ్లు చూసి రెండేళ్ల వయసు ఉండవచ్చని డాక్టరు చెప్పారు. గాయం మానింది. రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ రెండూ అయ్యాయి. మల్లి అని పిలుస్తున్నాం.

మనుషులంటే మాత్రం వణికిపోతుంది. ఎవరైనా గట్టిగా మాట్లాడినా, చీపురు చేతిలోకి తీసుకున్నా మంచం కిందికి దూరుతుంది. అందరూ పడుకున్నాకే తింటుంది. ఇంతవరకు ఎవరినీ కరవలేదు. మాది అద్దె ఇల్లు, యజమాని కుక్క వద్దంటున్నారు. పెంచుకుంటామని ముగ్గురు అడుగుతున్నారు. ఒకరికి గార్లదిన్నె దగ్గర చీనీ తోట ఉంది. ఇంకొకరిది అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. చిన్నపిల్లలిద్దరూ కుక్క కావాలని ముచ్చట పడుతున్నారు. మూడోవారు రిటైరైన టీచర్ దంపతులు. సొంత ఇల్లు, ఒక ముసలి కుక్క ఉన్నాయి కానీ ప్రహరీ నడుము ఎత్తే. మా ఇంట్లో అందరూ తోటే మంచిదంటున్నారు. మీరేమంటారు?

జవాబు (కర్నూలు నుంచి)

తోటకే ఇవ్వండి అక్కా. పల్లెలో పుట్టిన కుక్కకు నాలుగు గోడల మధ్య ఏం బాగుంటుంది? అక్కడ స్వేచ్ఛగా తిరుగుతుంది, మనుషుల గొడవ ఉండదు.

జవాబు (కడప నుంచి)

అన్నా, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఈ కుక్క విషయంలో నేను ఒప్పుకోలేను. బెదురు కుక్కలను చాలాకాలంగా సాకి, ఇళ్లు వెతికి ఇస్తున్నాను. తోట అనగానే అందరికీ పచ్చదనం కనిపిస్తుంది. తోటవాళ్లకు కావలసింది కాపలా. కొత్త మనిషిని చూసి దాక్కునే కుక్క కాపలా కాయదు. మొరగడం లేదని కొద్దిరోజులకే గొలుసు వేస్తారు, లేదా వదిలేస్తారు. వదిలేస్తే పరుగెత్తుతుంది. ఆ చుట్టుపక్కలా పందుల కోసం ఉచ్చులు, కరెంటు తీగలు ఉండవచ్చు. ఒకసారి ఉచ్చు నుంచి బయటపడ్డ ప్రాణిని మళ్లీ అటే పంపుతామా? తోటవారు మంచివారే కావచ్చు, కానీ పగలంతా దాని దగ్గర కూర్చునేది ఎవరో వారిని అడిగి చూడండి.

అపార్ట్‌మెంట్ వారికి సున్నితంగా వద్దని చెప్పండి. పిల్లలు మంచం కిందికి చేతులు చాపుతారు, కౌగిలించుకుంటారు. తప్పించుకునే దారి లేకపోతే ఎన్నడూ కరవని కుక్క కూడా కరుస్తుంది. ముందుగా అది చెప్పే మాటలు వేరే ఉంటాయి: ముక్కు నాకడం, ఊరికే ఆవులించడం, తల తిప్పకుండా కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, కదలకుండా బిగుసుకుపోవడం. చిన్నపిల్లలకు అవి తెలియవు. పైగా లిఫ్టు, మెట్లు, ఎదురింటివారు, ఇవన్నీ దాటితేగానీ మూత్రానికి కూడా కిందికి వెళ్లలేదు.

నా ఓటు టీచర్ దంపతులకే. ముసలి కుక్క ఉండటం పెద్ద అండ. అది మనిషి చేతి నుంచి భయం లేకుండా తినడం మల్లి చూస్తుంది. మనం ఎంత బుజ్జగించినా చెప్పలేని ధైర్యం అది. అయితే ఆ ముసలి కుక్కకు ఇష్టమో కాదో ముందు చూడాలి. రెండింటినీ ఇంట్లో ఎదురెదురుగా నిలబెట్టకండి. ఖాళీ స్థలంలో కొంత ఎడంగా, ఒకే దిక్కుగా నడిపించండి.

దంపతులను కూడా మీ ఇంటికి రమ్మనండి. వచ్చినవారు మంచం కిందికి వంగి పిలుస్తారా, లేక దూరంగా పక్కకు తిరిగి కూర్చుని మీతో మాట్లాడుకుంటారా? రెండో రకం వారికి ధైర్యంగా ఇవ్వవచ్చు. "ఎన్నాళ్లకు మచ్చిక అవుతుంది?" అని పదే పదే అడిగేవారి దగ్గర నాకు గుబులు.

ప్రశ్న వేసినవారు

చాలా కృతజ్ఞతలు అన్నా. నిన్న వాళ్లు వచ్చారు. మేడమ్ గారు కింద కూర్చుని, దాని వంక చూడకుండానే ఉడికించిన కోడి ముక్కలు ఒక్కొక్కటిగా పక్కకు వేశారు. మేము గదిలో ఉండగానే మల్లి ముక్కు బయటపెట్టి ఒక ముక్క తినేసింది! ఇలా ఎప్పుడూ జరగలేదు. ఇక గోడ సంగతి ఏం చేయాలి?

జవాబు (కడప నుంచి)

భలే శుభవార్త అక్కా! నడుము ఎత్తు గోడ బెదిరిన కుక్కకు లెక్కే కాదు. పైన ఇనుప జాలీ కట్టించాలి, గేటు కింద సందు మూయించాలి. ఆ పనయ్యేదాకా పంపకండి. పారిపోయే ప్రమాదం మొదటి వారాల్లోనే ఎక్కువ. అందుకే మొదట ఒక్క గది చాలు. మీ ఇంట్లో అది పడుకునే దుప్పటిని ఉతకకుండా పంపండి. పెరట్లోకి తీసుకెళ్లినా తాడు ఉండాలి. మెడకు గాయమైంది కాబట్టి ఛాతీ చుట్టూ వేసే పట్టీ కొనండి, మెడపట్టీకి ఇంకో తాడు వదులుగా కట్టండి. ఒకటి జారినా రెండోది ఆపుతుంది.

ఒకవేళ తప్పించుకుంటే వెంటపడకూడదు, పేరు పెట్టి అరవకూడదు. భయంలో ఉన్న కుక్క తెలిసిన గొంతు విన్నా పరుగెడుతుంది. చివరిసారి కనిపించిన చోట అన్నం, దుప్పటి పెట్టి, మీరు వెళ్లి నేలమీద కూర్చోండి.

ఇమడకపోతే వేరేవారికి ఇవ్వకుండా మీకే తిరిగి అప్పగించాలని కాగితం మీద రాసుకోండి. టీచర్లు కదా, నొచ్చుకోరు.

జవాబు (ప్రొద్దుటూరు నుంచి)

ఒక్క మాట కలుపుతాను మేడమ్. పంపే ముందు మరోసారి పూర్తి పరీక్ష చేయించండి. మెడలో లోపల నొప్పి మిగిలివున్నా, పిడుదుల వల్ల జ్వరం ఉన్నా కుక్క ఇలాగే దాక్కుంటుంది. మా ఊళ్లో పశువైద్య కళాశాల ఉంది, దూరమనుకోకపోతే రండి. భయం మరీ ఎక్కువైతే డాక్టర్లే మందు రాస్తారు. మనుషుల నిద్రమాత్రలు మాత్రం ఎవరు చెప్పినా వేయకండి.

ప్రశ్న వేసినవారు

జాలీకి ఈరోజే కొలతలు తీసుకున్నారు. వినాయక చవితికి ముందే పంపమంటారా, తర్వాతా?

జవాబు (కడప నుంచి)

నిమజ్జనం అయ్యాకే అక్కా. వీధిలో డప్పులు, టపాకాయలు మోగుతుండగా కొత్త ఇంటికి వెళితే ఆ ఇల్లే భయమని దాని మనసులో పడిపోతుంది. ఆ తర్వాత దీపావళి వచ్చేలోగా కాస్త వ్యవధి దొరుకుతుంది. దీపావళి రాత్రి మీరు కూడా వెళ్లి, లోపలి గదిలో దానికి తోడుగా ఉండండి.