5 అడుగుల ఎత్తు ట్యాంకు నుంచి పంపు లేకుండా డ్రిప్ నడుస్తుందా?

అందరికీ నమస్తే. మాది నల్లగొండ జిల్లా, మునుగోడు దగ్గర. ఇంటి వెనక గుంటన్నర జాగాలో బెండ, వంకాయ, టమాట, నాలుగు జామ మొక్కలు ఉన్నాయి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎండలు ముదిరితే ఆ బోరూ ఆగి ఆగి పోస్తుంది. అందుకే డాబా మీది వాన నీళ్లను 1000 లీటర్ల నల్ల ట్యాంకులోకి పడుతున్నాను. ట్యాంకు అడుగు నేల నుంచి 5 అడుగుల ఎత్తులో, దిమ్మె మీద ఉంది.

షాపులో డ్రిప్ సామాను అడిగితే ప్రెషర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లు (ప్రెషర్ కాస్త మారినా ఒకేలా నీళ్లు వదిలేవి) చేతిలో పెట్టారు. బిగించి చూస్తే ట్యాంకు పక్క మొక్కలకు నాలుగు చుక్కలు, చివరి వరుసకు అదీ లేదు. తర్వాత లెక్క వేసుకున్నాను. 10 మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక కిలో ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకు) అంటే, నా 5 అడుగులకు వచ్చేది 0.15 మాత్రమే. ఆ డ్రిప్పర్లు అంత తక్కువకు సరిగా పనిచేయవు. అడగకుండా కొన్నది నేనే లెండి.

ఇప్పుడు మొక్కల వరుస వెంట పరిచే 16 ఎంఎం పైపుకు, అంటే లాటరల్‌కు నేరుగా మైక్రోట్యూబులు (సన్నటి గొట్టాలు) గుచ్చితే సరిపోతుందా? నీళ్లు ఎక్కువ తక్కువ చేసేందుకు తిప్పుకునే డ్రిప్పర్లు మేలా? డాబా మీది దుమ్ము, ఆకులు వస్తాయి కాబట్టి ఫిల్టర్ తప్పదు, కానీ ఉన్న కాస్త ప్రెషర్‌నూ అదే తినేస్తుందేమోనని టెన్షన్. బ్యాటరీ టైమర్లలో బాల్ వాల్వ్ రకం ప్రెషర్ లేకున్నా తెరుచుకుంటుందని విన్నాను, ఎవరైనా వాడారా?

నల్లగొండ, మిర్యాలగూడ వైపు ఈ సామాను విడిగా ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. పంపు పెట్టమని మాత్రం అనకండి, కరెంటు లేకుండా నడపాలనే ఈ తిప్పలన్నీ.