డిపాజిట్ 'గల్లంతు': ఏ రేవులో?

మొన్న నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కాను. పక్కన బండి మీద కూర్చున్న కుర్రాడు బజ్జీలు చుట్టిచ్చిన పేపరు ముక్క విప్పి, హెడ్డింగు పైకి చదివాడు: "చిన్న పార్టీల డిపాజిట్లు గల్లంతు". చేపల తట్ట ముందు పెట్టుకున్న మామ్మగారు ఉలిక్కిపడి "ఏ రేవులో బాబూ?" అంది.

అందరం నవ్వేశాం గానీ, ఆవిడ అడిగింది సబబే. మన లంకల్లో గల్లంతంటే మనిషి నీళ్లలో పడి ఆచూకీ లేకపోవడం. శవం దొరికాక ఆ మాట వాడం. డిపాజిట్ ఆచూకీకి ఏమైందండీ? లోక్‌సభకి 25,000 కడతారు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులు 12,500. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే సర్కారుకి జమ. ఎక్కడుందో తెలిసిన సొమ్ము గల్లంతెలా అవుద్ది? 'జప్తు' అంటే పోలా?

పాలకొల్లు నుంచి:
జప్తంటే ఏదో అప్పు ఎగ్గొట్టినట్టుంటుందండి. అసలు గల్లంతయ్యేది ఓటు. 2009లో మా వైపు ప్రజారాజ్యం ఊపు గుర్తుందిగా. రాష్ట్రంలో 16 శాతం పైచిలుకు ఓట్లు, అసెంబ్లీలో 18 సీట్లు, లోక్‌సభలో సున్నా. చిరంజీవిగారే మా ఊళ్లో ఓడి తిరుపతిలో గట్టెక్కారు. ఎంపీ ఓట్లన్నీ ఏమయ్యాయి? మామ్మగారి ప్రశ్న అక్కడ వెయ్యాలి.

అమలాపురం నుంచి:
'గట్టెక్కడం' కూడా మన నీళ్ల మాటే మేష్టారూ. జర్మనీలో 5 శాతం ఓట్లు రాకపోతే మామూలుగా పార్లమెంటులోకి రానివ్వరు. దాన్ని పేపర్లు 'కనీస అర్హతా పరిమితి' అంటాయి, నోరు తిరగదు. 'గట్టు' అంటే సరి. 2025లో సారా వాగెన్‌క్నెక్ట్ పార్టీ 4.98 దగ్గర ఆగిపోయింది. పది వేల లోపు ఓట్లు తక్కువై ఒక్క సీటూ లేదు. గట్టు మీద చెయ్యి వేసి జారినట్టే! అక్కడి డేనిష్ మైనారిటీల పార్టీకి మాత్రం చట్టమే ఆ గట్టు తీసేసింది, వాళ్లకి ఒక సీటొచ్చింది.

మళ్లీ నేను:
గట్టు బాగుంది, కానీ మనకి దేశమంతటికీ ఒక గట్టు లేదు, ఏ రేవుకి ఆ రేవే: ఏ నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చినోళ్లదే ఆ సీటు. బ్రిటన్‌దీ ఇదే పద్ధతి. 2015లో యూకిప్ అనే పార్టీకి 38 లక్షల పైచిలుకు ఓట్లు, సీటు ఒక్కటి. స్కాటిష్ నేషనల్ పార్టీకి 14 లక్షల పైచిలుకు ఓట్లు, సీట్లు 56. వాళ్ల జనమంతా ఒకే ఒడ్డున ఉన్నారు మరి.

రాజమండ్రి నుంచి:
పాత తెలుగులో గల్లంతంటే గోల, గందరగోళం. ఆ లెక్కన కౌంటింగ్ హాలుకి సరిగ్గా సరిపోద్ది.

అంతర్వేది నుంచి:
మీరంతా సరదాగా మాట్లాడుకుంటున్నారు, తప్పులేదండి. మా చిన్నాన్న వేటకెళ్లి రాలేదు. పేపర్లో గల్లంతనే రాశారు. మా పిన్ని ఇప్పటికీ ఆ మాట అనదు, "ఇంకా రాలేదు" అంటుంది. డిపాజిట్‌కి 'పోయింది' చాలదా అండి?

నేను:
చాలండి. 'పోయింది' అనే రాస్తాను.