ఘోస్ట్ ఆఫ్ యోటెయి: నాలుగు స్టాన్సులు పోయి ఐదు ఆయుధాలు రావడం మంచికేనా?

పాతకాపు
యోటెయికి ముందు వచ్చిన వీడియో గేమ్ ఘోస్ట్ ఆఫ్ సుషిమా (2020) ఆడనివాళ్ల కోసం ముందుగా రెండు ముక్కలు. అందులో కథానాయకుడు జిన్ సకాయ్ చేతిలో ఉండేది ఒకే కత్తి. దాన్ని పట్టే తీరులు, అంటే స్టాన్సులు, నాలుగు. కంట్రోలర్ మీద ఆర్2 పట్టుకుని ఇంకో బటన్ నొక్కితే తీరు మారుతుంది. కత్తివాడికి రాయి, డాలువాడికి నీరు, ఈటెవాడికి గాలి, భారీకాయుడికి చంద్రుడు. 2025 అక్టోబరులో వచ్చిన యోటెయిలో ఆ నాలుగూ తీసేశారు. ఇప్పుడు కథానాయిక అట్సు దగ్గర ఐదు ఆయుధాలు. కటానాకు కటానా, ఈటెకు జంట కటానాలు, గొలుసు కొడవలి కుసారిగామకు యారి ఈటె, డాలుకు కుసారిగామ, భారీకాయుడికి ఒడాచి అనే చాలా పొడవాటి కత్తి.

లెక్క పాతదే, పేర్లే మారాయని చాలామంది సమీక్షల్లో రాశారు. నేను ఒప్పుకోను. స్టాన్సు మార్చినప్పుడు జిన్ పాదం మారేది, భుజం వాలు మారేది, కత్తి మాత్రం చేతిలోనే ఉండేది. గాలి స్టాన్సులో కొండ అంచున ఈటెవాణ్ణి తన్ని లోయలో పడేసి, ఊపిరి తీసేలోగా రాయిలోకి వచ్చి పక్కవాడి మెడకు గురిపెట్టొచ్చు. యోటెయిలో గుంపులో మూడు రకాల వాళ్లుంటే మూడు సామాన్లు తీసి మూడు సామాన్లు దించాలి. నా దృష్టిలో ఈ సీక్వెల్ చేసిన పెద్ద తప్పు ఇదే.

చెకుముకి
పాతకాపు గారూ, మీరు సగమే చెప్పారు. సుషిమాలో తప్పు స్టాన్సులో కొట్టినా పని జరిగేది. రాయి స్టాన్సుతో డాలు మీద పదిసార్లు మోదితే పదకొండోసారికి వాడు తూలేవాడు, ఆలస్యమయ్యేది అంతే. అందుకే ఆట మధ్యకొచ్చేసరికి చాలామంది నీరు స్టాన్సులో ట్రయాంగిల్ (బలమైన దెబ్బ బటన్) నొక్కిపట్టే వరుస దెబ్బలతోనే అందరినీ దాటించేసేవాళ్లు. యోటెయిలో ఆ దొంగదారి మూశారు. సరైన ఆయుధంతో ట్రయాంగిల్ నొక్కిపట్టి కొడితే ఎదుటివాడి చేతిలోది ఎగిరి కింద పడుతుంది. అప్పుడు దాన్నే తీసి వాడి మీదికి విసరొచ్చు. ఇది సుషిమాలో ఎక్కడుంది?

రెండోది, దెబ్బలు రెండువైపులా ఉన్నాయి. పసుపు మెరుపుతో వచ్చే దెబ్బ తగిలితే మీ ఆయుధమే నేల మీద పడుతుంది. ఇక ఇంకో ఆయుధం తీయాలి, లేదా దొర్లుకుంటూ వెళ్లి పడినదాన్ని ఎత్తుకోవాలి. ఐదు ఆయుధాలు ఉండటానికి అసలు కారణం ఇది. ఒకటి పోయినా పోరు ఆగదు.

గాలివాటు
పసుపు మెరుపు నాకు ఎప్పుడూ ఆలస్యంగానే కనిపిస్తుంది. మంచులో అయితే అసలు కనిపించదు.

పాతకాపు
గాలివాటు గారు చెప్పిందే నా ఫిర్యాదు. నీలం మెరుపు అంటే సరిగ్గా ఆ క్షణాన ప్యారీ (దెబ్బను ఆయుధంతో తిప్పికొట్టడం), ఎరుపు అంటే ప్యారీ పనికిరాదు, పక్కకు తప్పుకోవాలి. ఈ రెండూ సుషిమా నుంచే కంటికి అలవాటు. మూడోది పసుపు. దానికి జవాబు తప్పుకోవడం, లేదా ట్రయాంగిల్ పట్టి ఎదురుదెబ్బ. అంటే ఒకే క్షణంలో రంగు చూడాలి, ఎదుటివాడి ఆయుధం చూడాలి, నా చేతిలో ఏముందో గుర్తుంచుకోవాలి. టెషియో మంచుగుట్టల మీద తెల్లని నేల, పసుపు సూర్యుడు, దాంట్లో పసుపు మెరుపు!

చెకుముకి
మెరుపు కోసం చూస్తే ఆలస్యమే అవుతుంది. భుజం చూడాలి. ఆయుధం ఊడగొట్టే దెబ్బకు ముందు శత్రువు మామూలుకన్నా వెనక్కి లాగుతాడు, ఆ ఆగుడు ఎక్కువసేపు ఉంటుంది. ఆ ఆగుడు కనబడగానే ట్రయాంగిల్ నొక్కిపట్టండి, మెరుపు వచ్చాక వదలండి. ముందే వదిలేస్తే మామూలు బలమైన దెబ్బగా పోతుంది, వాడి దెబ్బ మీకు పడుతుంది. చాలామంది చేసే పొరపాటు అదే.

ఇంకో మాట. ఇది 1603 నాటి కథ. 1600లో సెకిగహర యుద్ధం, 1603లో తొకుగావ ఇయెయసు షోగున్ (జపాన్ సైనిక పాలకుడు) కావడం, అంటే వందేళ్లకు పైగా సాగిన అంతర్యుద్ధాల చివరి అంచు. అప్పటి యుద్ధభూమిలో ప్రధాన ఆయుధం కత్తి కాదు, యారి. కటానా, వకిజషి అనే పొట్టి కత్తి జతగా నడుముకు ఉండేవి. 1543లో పోర్చుగీసువాళ్ల ద్వారా వచ్చిన తనెగషిమా తుపాకీ అప్పటికే అరవై ఏళ్ల పాతది. మీకిష్టమైన సుషిమా 1274 నాటి మంగోలుల దండయాత్ర కథ. అప్పటి సమురాయ్‌ది ప్రధానంగా గుర్రం మీద విల్లు, నడుముకు అంచు కిందికి ఉండేలా వేలాడే తాచి కత్తి. మీరు పొగిడే కటానా ఆ కాలానికి రావలసినదే కాదు. జిన్ కూర్చుని రాసే హైకూ కూడా 17వ శతాబ్దపు సంగతి. చరిత్ర పరంగా సీక్వెల్ మెరుగు.

పాతకాపు
చరిత్ర అంటున్నారు కనుక తుపాకీ లెక్క చూద్దాం. తనెగషిమాలో మందు పోయాలి, గుండు వేయాలి, గజంతో దట్టించాలి, పక్కనున్న చిన్న పళ్లెంలో సన్నమందు వేసి మూత మూయాలి, నిప్పు రాజుకున్న వత్తిని బిగించాలి, మూత తీసి కాల్చాలి. ఆరితేరినవాడికి కూడా ఇరవై, ముప్పై సెకన్లు. ఆటలో అట్సు కొన్ని సెకన్లలో మళ్లీ సిద్ధం. పైగా మంచు కురుస్తుంటే, వానలో, గడ్డిలో దొర్లి లేచాక కూడా పేలుతుంది. మండే వత్తి ఎక్కడ?

చెకుముకి
వాన వస్తే వత్తి మీద కప్పే లక్కపూత పెట్టెలు ఆ కాలంలోనే ఉన్నాయి, కనుక వానలో పేలడం అసాధ్యం కాదు. మందు నింపే సమయం తగ్గించారు, ఒప్పుకుంటాను. ముప్పై సెకన్లు పెడితే ఆ తుపాకీని ఎవరూ ముట్టుకోరు.

పాతకాపు
అంటే మీకు అనుకూలమైన చోట చరిత్ర, అనుకూలం కాని చోట ఆట. ఒడాచి సంగతీ చెప్పండి. అది 14వ శతాబ్దపు యుద్ధాల ఆయుధం. 1603కి గుడిలో మొక్కుబడికి ఇచ్చే వస్తువుగా మిగిలింది. దాన్ని భారీకాయుల కోసం తెచ్చి పెట్టారు.

చెకుముకి
మొత్తం పోయి ఒడాచి దగ్గర ఆగారా? అట్సు వాయించే మూడు తీగల వాయిద్యం షమిసెన్ చూడండి. అది ర్యూక్యూ దీవుల నుంచి జపాన్‌కు చేరింది 16వ శతాబ్దంలో. 1603లో ఒక అమ్మాయి దాన్ని వీపున వేసుకుని తిరగడం కుదురుతుంది. రెండు కత్తులకు పేరుబడ్డ మియమొతొ ముసషి అప్పటికి ఇరవై దరిదాపుల్లో ఉన్నాడు. జంట కటానాలు గాలిలోంచి ఊడిపడలేదు.

నల్లకలువ
ఇద్దరూ తుపాకీ గజం దగ్గరే ఉన్నారు. ఆట నచ్చిందా లేదా అన్నది మూడు పేరాల ముందే మరిచిపోయారు.

పాతకాపు
నచ్చలేదని నేను అనలేదు. చెకుముకి గారు నన్ను "పాత ఆట మీద మోజున్నవాడు" అన్నట్టు మాట్లాడుతున్నారు. కుసారిగామ గొలుసుతో దూరంగా ఉన్నవాణ్ణి లాగి చప్పుడు లేకుండా చంపే పద్ధతి సుషిమాలో లేదు, బాగుంది. పోరాటం దగ్గర మాత్రం నాకు పట్టింపు ఉంది.

చెకుముకి
నేను ఆ మాట అనలేదు. మీరే ప్రతి కొత్త సంగతినీ "సామాన్లు" అని తీసిపారేశారు. మీకు కావలసింది సీక్వెల్ కాదు, సుషిమాకు ఇంకో దీవి. అది 2021లో ఇకి విస్తరణగా వచ్చేసింది, అదే ఆడుకోండి.

పాతకాపు
ఆడుకోమని మీరు చెప్పక్కర్లేదు. నేను అడిగేది ఒకటే: ఆ ఒక్క కత్తి ఎందుకు ముఖ్యమైంది? జిన్‌ది ఆ దీవి. కొమోడ తీరాన మంగోలుల చేతిలో తనవాళ్లు పడిపోయిన నేల అది. కత్తి సకాయ్ ఇంటిది, స్టాన్సులన్నీ ఆ ఒక్క ఇంటి కత్తితోనే. శత్రువును బట్టి తీరు మార్చుకున్నాడు, వస్తువును మార్చలేదు. యోటెయిలో అట్సు ఒక్కో ఆయుధం కోసం ఒక్కో గురువు దగ్గరికి పోయి నేర్చుకుంటుంది. ఆరుగురి పేర్లు నడుముపట్టీ మీద రాసుకుని, ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోతుంది. ఎజో (నేటి హొక్కైడో) నేలకూ ఆమె పోరుకూ సంబంధం ఏమిటి? ఆ ఆరుగురు ఇంకెక్కడున్నా కథ మారదు. నా బాధ బటన్ల గురించి కాదు.

చెకుముకి
ఇంత దూరం వచ్చాక ఇప్పుడు చెప్పారు అసలు మాట. సంబంధం లేదంటే ఒప్పుకోను. యోటెయి కొండ కింద ఆమె ఇల్లుంది. తండ్రి కత్తులు చేసే కమ్మరి. పదహారేళ్ల కిందట ఆ ఇంటి ముందు గింకో చెట్టుకు ఆమెను కత్తితో గుచ్చి నిప్పు పెట్టారు. ఆ పాడుబడ్డ ఇంట్లో టచ్‌ప్యాడ్ నొక్కితే కాలిన దూలాల చోట చిన్ననాటి ఇల్లు లేస్తుంది, మళ్లీ నొక్కితే బూడిద. లోడింగ్ ఉండదు, నిలబడ్డ చోటే మారిపోతుంది. నేలతో బంధాన్ని దీనికన్నా దగ్గరగా ఏ ఆట చూపించింది?

మంచుదారి
ఇంతసేపూ చదివి ఊరుకున్నాను, ఆ ఇంటి మాట వచ్చింది కనుక రాస్తున్నాను. మీ ఇద్దరి వాదం ఒకే చోట తప్పుతోంది. 1603కు పదహారేళ్లు తీస్తే 1587. అప్పటికి ఎజోలో జపనీయులు కాపురం ఉన్నది దక్షిణాన ఒషిమా ద్వీపకల్పం కొసన చిన్న మేరలోనే. యోటెయి కొండ అక్కడికి వంద కిలోమీటర్లకు పైగా ఉత్తరాన, అక్కడి ఆదివాసులైన ఐను ప్రజల నేల. ఐను మాటలో ఆ కొండ పేరు మచినెషిరి, అంటే ఆడకొండ. ఆటలోని నయొరో ప్రాంతం పేరులోని "నయ్" ఐను మాటే, వాగు అని అర్థం. మ్యాప్ తెరిస్తే ఇలాంటి పేర్లే.

ఆట ప్రధాన కథలో పోరు ఎవరి మధ్య? ఎజోకు తానే ప్రభువునంటున్న సైతో ఒకవైపు, మత్సుమాయె సైన్యం ఇంకోవైపు. మత్సుమాయె అన్న ఇంటిపేరే అప్పటికి నాలుగేళ్లది. కకిజకి వంశం 1599లో ఆ పేరు పెట్టుకుంది. మరుసటి ఏడు 1604లో ఇయెయసు వాళ్లకు నల్లముద్ర వేసిన అధికార పత్రం ఇచ్చాడు. వాళ్లను అడగకుండా ఐనులతో ఎవరూ వ్యాపారం చేయకూడదని అందులో ఉంది. ఐనులు మాత్రం తమ ఇష్టం వచ్చిన చోటికి పోవచ్చని కూడా అందులోనే ఉంది. తర్వాత ఆ రెండో మాట నిలవలేదు. ఎండు సాల్మన్, జింక తోళ్లు, గద్ద ఈకలు ఇచ్చి బియ్యం, ఇనప కుండలు తెచ్చుకునే మారకంలో ఐనులకు దక్కే వాటా తగ్గుతూ పోయి 1669లో షకుషైన్ తిరుగుబాటు దాకా వచ్చింది. 1603 అంటే సరిగ్గా ఆ మలుపు. ఆట ఆ ఏడాదినే ఎంచుకుని, ఐను గ్రామాలను గౌరవంగా కట్టి, వాళ్ల భాషను వినిపించి, కథలో మాత్రం వాళ్లను పక్కదారి పనుల దగ్గర ఆపేసింది. పాతకాపు గారు "ఎజో నేలకూ పోరుకూ సంబంధం ఏమిటి" అన్నది సరైన ప్రశ్నే. జవాబు గింకో చెట్టు దగ్గర దొరకదు.

చెకుముకి
ఒక కమ్మరి కుటుంబం అందరికీ దూరంగా బతకాలని అంత లోపలికి పోయి ఉండొచ్చు కదా. చరిత్రలో నమోదు కాని మనుషులు ఉంటారు. ఆట వాళ్ల గురించి.

మంచుదారి
ఉండొచ్చు. అలాగైతే ఆ కమ్మరికి ఇనుము ఎక్కడి నుంచి వచ్చింది, చేసిన కత్తి ఎవరికి అమ్మాడు, పొరుగున ఉన్న ఐనులతో ఏం మారకం చేశాడు అన్నది కథ అవుతుంది. ఇల్లు అంత చక్కగా కట్టినవాళ్లు, టచ్‌ప్యాడ్ నొక్కితే ఆ ఇంటి గతం చూపించేవాళ్లు, గుమ్మం దాటి నాలుగడుగులు వేసి ఉంటే సరిపోయేది. నాకు ఆట నచ్చింది కనుకే అడుగుతున్నాను.

పాతకాపు
మంచుదారి గారూ, నేను ఇంత వివరంగా ఆలోచించలేదు. నాకు తెలిసింది ఒక్కటే, సుషిమాలో ప్రతి కాలిబాట ఎవరిదో ఒకరిది అనిపించేది, ఇక్కడ అనిపించలేదు. కారణం ఆయుధాలనుకున్నాను. ఇప్పటికీ అవి కూడా ఒక కారణమే అంటాను.

చెకుముకి
నేను మాత్రం ఆయుధాల దగ్గరే ఉంటాను. ఐనుల విషయంలో మీ ఇద్దరితో సగం ఒప్పుకుంటాను, ఆ సగానికి పోరాట పద్ధతి మీద నింద వేయకండి.

గాలివాటు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. లీథల్ అనే కఠిన స్థాయిలో డాలువాడు, ఈటెవాడు, కుసారిగామవాడు ముగ్గురూ కలిసి వస్తే ముందు ఎవరు?

పాతకాపు
ముందు కుసారిగామవాడు. దూరం నుంచి అందేది వాడి గొలుసే, మిగతా ఇద్దరినీ మీరు చూసుకుంటుంటే వెనక నుంచి అదే తగులుతుంది. యారితో మొదలుపెట్టండి, పొడిచి వాడి ఆయుధం ఊడగొట్టండి, పడినదాన్ని ఎత్తి ఈటెవాడి మీదికి విసరండి. వాడు తూలగానే జంట కటానాలకు మారి ముగించండి. డాలువాడు నెమ్మది, చివరికి వదిలేయొచ్చు. కుసారిగామ గొలుసు చివరి బంతితో డాలు పోయేదాకా చదరం బటన్ జోలికి పోకండి, లీథల్‌లో డాలు మీద పడ్డ తేలిక దెబ్బకు వెంటనే తిరుగుదెబ్బ వస్తుంది. ముగ్గురినీ ఒకే వైపు ఉండేలా మీరు తిరుగుతూ ఉండాలి. వీపు చెట్టుకు ఆనిందా, గొలుసు తప్పించుకోలేరు.

గాలివాటు
యారితోనే మొదలుపెడతాను. ఇన్నాళ్లూ డాలువాడితో మొదలుపెడుతున్నాను.