డిగ్రీ కాలేజీ రైడర్‌ని ప్రో కబడ్డీ స్థాయికి తయారు చేయాలంటే ఏ వరసలో నేర్పాలి?

పీడీ_నరసన్నపేట
అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ కాలేజీ కబడ్డీ జట్టు చూస్తున్నాను. సెకండియర్ కుర్రాడొకడున్నాడు. 19 ఏళ్లు, 5 అడుగుల 10 అంగుళాలు, 68 కిలోలు. సంక్రాంతి టోర్నమెంట్లలో మట్టి కోర్టు మీద కూతకెళ్తే పట్టుకునేవాళ్లు లేరు. అదే మ్యాట్ మీదకొచ్చేసరికి కుడి కార్నర్‌కి (కుడి చివర నిలబడే డిఫెండర్‌కి) చీలమండ అప్పగించేస్తున్నాడు. వాడి దగ్గరున్న ఆయుధం ఒక్కటే, పరుగున వెళ్లి చేత్తో తాకి రావడం. ఫుల్ మ్యాట్ లేదు, జిమ్ చిన్నది. ఇంకా ఏడాదిన్నర మా దగ్గరే ఉంటాడు. ఈలోగా ప్రో లీగ్ ట్రయల్స్‌కి పనికొచ్చేలా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మ్యాట్_విజయనగరం
మాస్టారూ, మీరు రాసినదాన్నిబట్టి లోపం వేగంలో లేదు, పాదంలో ఉంది. మట్టి మీద పాదం కొంచెం జారుతుంది, అందుకే పెద్ద అంగ వేసి ఒంటికాలి మీద గిర్రున తిరిగినా చెల్లిపోతుంది. మ్యాట్ మీద షూతో అదే చేస్తే పాదం అతుక్కుని ఒంటి బరువంతా ముందుకాలి మీద ఆగిపోతుంది. కార్నర్ డైవ్ కొట్టేది సరిగ్గా అప్పుడే. పట్టు తప్పినా మోకాలు మెలిపడుతుంది. అందుకని మొదటి ఆరు వారాలు పాయింట్ల ఊసే వద్దు.

కార్నర్ నిలబడే చోట ఒక కోన్ పెట్టండి. కుర్రాడు మోకాళ్లు వంచి, చిన్న చిన్న పక్కడుగులతో దాని దగ్గరికి వెళ్లాలి, కాళ్లు ఒకదాన్నొకటి దాటకూడదు. కాలు చాపి తాకబోయే ముందే ఊతకాలి మునివేళ్లు మిడ్ లైన్ (కోర్టు నడిగీత) వైపు తిరిగి ఉండాలి. తాకాక తిప్పుదామనుకుంటే అప్పటికే ఆలస్యం. బరువు వెనక కాలి మీదే ఉంచి, తాకిన కాలు వెనక్కి లాగేసి, నాలుగడుగుల్లో మిడ్ లైన్ దాటాలి. మిడ్ లైన్ నుంచి బాక్ లైన్ (రైడర్ కనీసం దాటాల్సిన గీత) 3.75 మీటర్లు, అక్కణ్ణుంచి మరో మీటరు బోనస్ లైన్. అంటే కార్నర్‌ని తాకినవాడు సుమారు అయిదు మీటర్లు వెనక్కి రావాలి. మన కాలేజీల్లో వెళ్లడం నేర్పుతాం, రావడం నేర్పం. దొరికిపోయేది మాత్రం వచ్చేటప్పుడే.

30 సెకన్ల కూత, 90 సెకన్ల విశ్రాంతి. అలాంటివి ఆరు, రోజుకి రెండు విడతలు, వారానికి నాలుగు రోజులు చాలు. కూత పైకి అంటూనే చేయించండి. ఊపిరి బిగబట్టి చేసిన అడుగులు మ్యాచ్‌లో పనికిరావు. తర్వాత కోన్ తీసి నిజం కార్నర్‌ని పెట్టండి, అతను చీలమండ పట్టు మాత్రమే వేయాలి. అది తప్పించుకోవడం పదికి ఏడుసార్లు వచ్చాక కవర్‌ని (కార్నర్‌కి లోపలివైపు నిలబడే డిఫెండర్‌ని) కలపండి, ఆ తర్వాతే ఏడుగురూ. కవర్ రాగానే పాత పెద్ద అంగ తిరిగొచ్చేస్తుంది. అప్పుడు మొహమాటపడకుండా ఒక మెట్టు వెనక్కెళ్లండి.

ఫుల్ మ్యాట్ లేదని ఆగకండి. రైడర్ పనంతా అవతలి సగంలోనే. మీటరు చదరపు ముక్కలు 70 ఉంటే సగం కోర్టు పడుతుంది, మిడ్ లైన్ ఇవతల ఇంకో వరస వేస్తే 80. ఆ వరస వేయకపోతే పరుగున వచ్చేవాడు మ్యాట్ అంచు మీద కాలు మడతేసుకుంటాడు. ముక్కల సందులు రోజూ చూసి టేపు వేయించండి.

ఇక రెండో ఆయుధం. నా మటుకు బోనసే నేర్పుతాను, ఎందుకంటే అది వాడి పరుగుకి అతుకుతుంది. బోనస్ లైన్ దాటి కాలు మోపితే వచ్చే అదనపు పాయింటే బోనస్, అదీ ఎదుట ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే. ముందుకాలు గీత అవతల పడినప్పుడు వెనకకాలు గాల్లో ఉండాలి. కుర్రాళ్లు వెనకకాలు ఈడుస్తారు, పాయింటు పోతుంది. చేతి టచ్, కాలి టచ్, బోనస్ మూడింటికీ మొదటి మూడడుగులు ఒకేలా కనిపించేదాకా చేయించండి. ఏది వస్తుందో తెలియని కార్నర్ అర అడుగు వెనక నిలబడతాడు, ఆ అర అడుగే మీవాడికి కావలసింది. పై స్థాయిలో వీడియో చూసి రైడర్ అలవాటు పట్టేస్తారు. ఒకే విద్య ఉన్నవాడు రెండు మూడు మ్యాచ్‌లకే తేలిపోతాడు.

బార్‌బెల్_నెల్లిమర్ల
పైన సార్ చెప్పినదానికి తోడు ఒంటి సంగతి. 68 కిలోలు తక్కువే, కానీ మూడు నెలల్లో 80 చేసేయాలని చూడకండి, వేగం పోతుంది. సీనియర్ మగవాళ్లకి పరిమితి 85 కిలోలు. రైడర్‌కి అంత అక్కర్లేదు, ఈ ఎత్తుకి 75 దగ్గర బాగుంటుంది. నెలకి కిలో మించకుండా పెంచండి. ఒంటి బరువు కిలోకి రోజూ 1.6 గ్రాముల ప్రొటీన్ అంటే ఇప్పుడు వీడికి సుమారు 110 గ్రాములు. గుడ్లు, చేపలు, పప్పు, ఉలవలు, పాలు, పెరుగుతో అందుతుంది. హాస్టల్ అన్నం, చారు మీద అందదు. డబ్బా పౌడర్ల కంటే ముందు మెస్‌లో పూటకి రెండు గుడ్లు అదనంగా వేయించండి.

వారానికి రెండు రోజులు బరువులు. బ్యాక్ స్క్వాట్ (భుజాల మీద బార్‌తో గుంజీలు) అయిదేసి చొప్పున నాలుగు సెట్లు, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (బార్ పట్టుకుని తుంటి దగ్గర వంగి లేవడం) ఎనిమిదేసి మూడు, ఒంటికాలి స్క్వాట్ ఆరేసి మూడు. ఆఖర్న నార్డిక్ కర్ల్: మోకాళ్ల మీద కూర్చోబెట్టి చీలమండలు ఒకరు పట్టుకోగా ముందుకి నెమ్మదిగా వాలడం, నాలుగేసి రెండు సెట్లతో మొదలు. తొడ వెనక కండరం చిరగడం, మోకాలి లిగమెంట్ తెగడం రైడర్ల కెరీర్లు ముగించేవి. వాటికి కాపలా ఇదే. క్లీన్ (బార్‌బెల్‌ని నేలమీంచి భుజాలకి ఎత్తడం) నేర్పాలనుకుంటే యూట్యూబ్ చూసి వద్దు. మన కొండవెలగాడ వైపు లిఫ్టింగ్ నిజంగా తెలిసినవాళ్లున్నారు, నెల రోజులు పంపండి. మ్యాచ్ ముందురోజు మాత్రం కాళ్లకి బరువులు వద్దు.

రెఫరీ_ఆమదాలవలస
మాస్టారూ, ఊరి ఆటలో లేని ఒత్తిడి ఒకటి ప్రాక్టీసులో కలపండి. రెండు కూతలు ఖాళీగా వస్తే మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే రైడర్ అవుట్. ఊరి టోర్నమెంట్లలో చాలాచోట్ల ఇది పెట్టరు. అందుకే మన కుర్రాళ్లు 20 సెకన్లు గీత దగ్గర తిరిగి, ఆఖరి పదిలో దూకేస్తారు. 12వ సెకనుకి విజిల్ వేసి, ఈలోపు ఏ వైపు వెళ్లాలో తేల్చుకోవాలని నియమం పెట్టండి. డిఫెండర్లని ముగ్గురికి తగ్గించి కూడా ఆడించండి. బోనస్ ఉండదు, దొరికితే సూపర్ ట్యాకిల్ కింద ఎదుటివాళ్లకి రెండు పాయింట్లు. అక్కడ తాకకుండా బాక్ లైన్ దాటి ఊరికే తిరిగి రావడం కూడా ఒక విద్యే.

లాబీ (కోర్టు పక్కల ఉండే మీటరు పట్టీ) జాగ్రత్త. ఎవర్నీ తాకకుండా లాబీలో కాలు పెడితే అవుటే. పరుగు టచ్‌వాళ్లు ఎక్కువగా పోయేది ఇక్కడే.

పీడీ_నరసన్నపేట
చాలా సాయం చేశారు సార్. ఒక్క సందేహం. ప్రో కబడ్డీ రైడర్ పర్‌దీప్ నర్వాల్‌ని చూసి మావాడు డుబ్కీ (డిఫెండర్ల చేతుల కిందనుంచి దూరిపోవడం) మీద పడ్డాడు. నేర్పమంటారా?

మ్యాట్_విజయనగరం
ఇప్పుడే వద్దు మాస్టారూ. డుబ్కీ కవర్లు భుజం, ఛాతీ ఎత్తులో వచ్చినప్పుడే పనిచేస్తుంది. తొడ పట్టు వేసేవాళ్ల కిందకి దూరితే తల మోకాలికి తగులుతుంది. ఎనిమిది నెలల తర్వాత మొదలుపెట్టండి. ఇద్దరిచేత నడుము ఎత్తున తువ్వాలు పట్టించి, నడుము కాదు, మోకాళ్లు వంచి కిందనుంచి వెళ్లమనండి. చూపు మిడ్ లైన్ మీదే ఉండాలి, గడ్డం దించితే మెడకి దెబ్బ. తువ్వాలు వారానికి రెండంగుళాలు దించుకుంటూ రండి, మనుషుల గొలుసు ఆ తర్వాతే, అదీ సగం వేగంతో.

ఫోన్ ఎండ్ లైన్ వెనక స్టాండు మీద పెట్టి ప్రతి కూతా తీయండి. ఏ వైపు వెళ్లాడు, మొదటి అడుగు ఏ కాలు, ఎన్నో సెకనుకి కదిలాడు, ఎందుకు దొరికాడు, ఈ నాలుగూ వాడిచేతే నోటుబుక్కులో రాయించండి. వంద కూతలు రాశాక మీరు చెప్పక్కర్లేకుండా వాడికే తెలిసిపోద్ది.