ఒకే మెషీన్ మీద రెండు టామ్‌క్యాట్‌లు: రెండోది ఆపబోతే మొదటిది ఆగుతోంది

జావా_కుర్రాడు:
రాకీ లినక్స్ 9, టామ్‌క్యాట్ (జావా వెబ్ యాప్‌లు నడిపే సర్వర్) 9.0 లేటెస్ట్, దాని ముందు రిక్వెస్టులు అందుకుని పంపే ఎన్‌జిన్‌ఎక్స్. 8080లో ఒకటి బాగానే నడుస్తోంది. ఆ ఫోల్డర్ మొత్తం కాపీ కొట్టి రెండో టామ్‌క్యాట్ పెట్టి, సర్వర్ డాట్ ఎక్స్ఎంఎల్ అనే సెట్టింగుల ఫైల్‌లో కనెక్టర్ (రిక్వెస్టులు వినే భాగం) పోర్ట్ 8180 చేశాను. స్టార్ట్ చేస్తే యాప్ లోడ్ అవుతుంది, "సర్వర్ స్టార్టప్" లైన్ కూడా పడుతుంది, మరుక్షణమే "పాజింగ్ ప్రోటోకాల్ హ్యాండ్లర్" అని అదే మూసుకుంటుంది. పైగా రెండోదాని బిన్‌లోంచి షట్‌డౌన్ స్క్రిప్ట్ కొడితే 8080లోది ఆగిపోతోంది! ఇంకా ఏ పోర్టులు మార్చాలండీ?

లాగ్_చదువరి:
"పాజింగ్" లైన్‌కి కాస్త పైన 8005 అనే అంకె కోసం వెతకండి. షట్‌డౌన్ సాకెట్ తెరవలేకపోయానని ఉంటుంది. సర్వర్ ట్యాగ్‌లో ఉండే 8005 మీరు మార్చలేదు. కనెక్టర్లు, యాప్ అన్నీ లేచాక ఆఖర్న టామ్‌క్యాట్ ఆ పోర్ట్ తెరిచి "షట్‌డౌన్" అన్న మాట కోసం కాచుకుని కూర్చుంటుంది. పోర్ట్ దొరక్కపోతే కాచుకునే పనే లేదు కాబట్టి నేరుగా మూసివేతకి వెళ్లిపోతుంది. స్టార్టప్ లైన్ పడ్డాక చావడం అందుకే. హెచ్‌టీటీపీ కనెక్టర్ పోర్ట్ తగువైతే ఇలా జరగదు: "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అని లాగ్‌లో పడుతుంది, ప్రాసెస్ మాత్రం బతికే ఉంటుంది.

ఇక షట్‌డౌన్ స్క్రిప్ట్ చేసేదల్లా తన సర్వర్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో ఉన్న పోర్ట్‌కి ఆ మాట పంపడమే. 8005లో వింటున్నది మొదటిది కాబట్టి ఆగింది అదే. రెండోదానికి 8105 ఇవ్వండి. కెటలీనా_పిడ్ వేరియబుల్‌ని (ప్రాసెస్ నంబర్ రాసుకునే ఫైల్ ఏదో చెప్పేది) కూడా ఒక్కోదానికి విడి ఫైల్‌తో సెటెన్వ్ స్క్రిప్ట్‌లో (టామ్‌క్యాట్ స్క్రిప్టులు చదువుకునే మన సొంత సెట్టింగులు) పెట్టండి. ఆ ఫైల్ ఉంటే, అందులోని ప్రాసెస్ నడుస్తోందో లేదో స్క్రిప్ట్ ముందే చూసి, లేకపోతే ఏమీ పంపకుండా ఆగిపోతుంది.

మార్చాల్సిన మిగతావి: రీడైరెక్ట్ పోర్ట్ (హెచ్‌టీటీపీఎస్ కావాల్సిన రిక్వెస్టుని మళ్లించే చోటు) 8443, ఎస్ఎస్ఎల్ కనెక్టర్ ఉంటే దానిదీను. ఏజేపీ (ముందున్న వెబ్ సర్వర్‌తో టామ్‌క్యాట్ మాట్లాడే మరో ప్రోటోకాల్) 8009 జోలికి వెళ్లొద్దు. ఘోస్ట్‌క్యాట్ అనే ఏజేపీ భద్రతా లోపం వల్ల 2020లో వచ్చిన 9.0.31 నుంచి అది డిఫాల్ట్‌గా కామెంట్‌లోనే వస్తోంది, మీకు ఎన్‌జిన్‌ఎక్స్ ఉంది కాబట్టి అవసరమూ లేదు.

ఫోల్డర్ కాపీ పద్ధతి నాకు నచ్చదు. కెటలీనా_హోమ్ (టామ్‌క్యాట్ ప్రోగ్రామ్ ఫోల్డర్) ఒకటే ఉంచి, ఒక్కోదానికి విడిగా కెటలీనా_బేస్ (దాని సొంత సెట్టింగుల ఫోల్డర్) ఇవ్వండి. బేస్‌లో కాన్ఫ్, లాగ్స్, టెంప్, వెబ్‌యాప్స్, వర్క్, బిన్‌లో సెటెన్వ్ ఉంటే చాలు. వెర్షన్ మార్చేటప్పుడు ఒక్కచోట మారిస్తే సరిపోతుంది.

నైట్‌షిఫ్ట్:
పోర్టులు ఒక్కోటీ మార్చే బదులు సర్వర్ ట్యాగ్‌లో పోర్ట్‌ఆఫ్‌సెట్ 100 అని పెడితే 8005, 8080, 8443 అన్నీ కలిపి జరుగుతాయి. రెండు ఫైళ్లకీ తేడా ఒక్క లైనే.

లాగ్_చదువరి:
నిజమే, కానీ రీడైరెక్ట్ పోర్ట్‌కి కూడా ఆ 100 కలుస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ బయట 443లో ఉంది కదా అని రీడైరెక్ట్ పోర్ట్ 443 రాసుకున్నవాళ్లకి బ్రౌజర్ 543కి పోతుంది. ఫైల్‌లో 8080 కనబడుతూ అసలు వినేది 8180 కావడం కూడా రాత్రిపూట ఫోన్ ఎత్తినవాడికి చికాకే. రెండు మూడు ఇన్‌స్టన్స్‌లకైతే నేరుగా అంకెలే రాస్తాను.

నైట్‌షిఫ్ట్:
సరే, జేఎంఎక్స్ (బయటి నుంచి జావా ప్రోగ్రామ్‌ని గమనించే సదుపాయం) పోర్ట్ వాడుతుంటే అది మాత్రం ఆఫ్‌సెట్ ఉన్నా లేకపోయినా చేత్తోనే మార్చాలి, అది జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ని నడిపే ఇంజిన్) ఆప్షన్. కాపీ కొట్టిన సెటెన్వ్‌లో అదే పోర్ట్ ఉంటే టామ్‌క్యాట్ లాగ్ మొదలవకముందే జేవీఎం పోతుంది; కారణం కెటలీనా డాట్ అవుట్‌లో ఉంటుంది. ఆ ఆప్షన్లు జావా_ఆప్ట్స్‌లో కాదు, కెటలీనా_ఆప్ట్స్‌లో పెట్టాలి. జావా_ఆప్ట్స్ స్టాప్ కమాండ్‌కి కూడా వర్తిస్తుంది. స్టాప్ కోసం లేచిన జేవీఎం కూడా అదే జేఎంఎక్స్ పోర్ట్ తెరవబోయి బోల్తా పడుతుంది, సర్వర్ ఆగదు. ఆర్ఎంఐ పోర్ట్ (జేఎంఎక్స్ అసలు డేటా పంపే రెండో పోర్ట్) కూడా స్పష్టంగా రాయండి, జేఎంఎక్స్ పోర్ట్ అంకే ఇవ్వొచ్చు. రాయకపోతే ప్రతిసారీ ఏదో ఒక పోర్ట్ ఎంచుకుంటుంది, ఫైర్‌వాల్ దగ్గర ఆగిపోతుంది.

జావా_కుర్రాడు:
8105 పెట్టాక రెండోది నిలబడింది, విడిగా ఆగుతోంది కూడా. థ్యాంక్సండీ ఇద్దరికీ. ఇప్పుడు ఎన్‌జిన్‌ఎక్స్ ద్వారా వెళ్తే 502 (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదన్న ఎర్రర్). ఫైర్‌వాల్‌లో 8180 తెరిచాను, అయినా అంతే. సర్వర్ మీదే కర్ల్ కొడితే పేజీ వస్తోంది.

గోదారి_అడ్మిన్:
ఫైర్‌వాల్‌లో తెరిచినది తీసేయండి. ఎన్‌జిన్‌ఎక్స్, టామ్‌క్యాట్ ఒకే మెషీన్‌లో ఉన్నప్పుడు 8180 బయటికి కనబడనక్కర్లేదు. కనెక్టర్‌లో అడ్రస్ 127.0.0.1 ఇస్తే ఇంకా మంచిది. అప్పుడు ఎన్‌జిన్‌ఎక్స్ సెట్టింగుల్లో రిక్వెస్ట్ ఎటు పంపాలో చెప్పే ప్రాక్సీ పాస్‌లో లోకల్‌హోస్ట్ అనకుండా 127.0.0.1 అనే రాయండి. లోకల్‌హోస్ట్ ఐపీవీ6 అడ్రస్‌కి కూడా పోతుంది, అక్కడ వినేవాళ్లు ఉండరు.

502కి ఎన్‌జిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో బ్రాకెట్‌లో ఉన్న అంకె చూడండి. 111 అయితే ఆ అడ్రస్‌లో, ఆ పోర్ట్‌లో ఎవరూ వినడం లేదు. 13 అయితే పర్మిషన్. రాకీలో అది దాదాపు ఎప్పుడూ ఎస్ఈలినక్స్ (ఏ ప్రోగ్రామ్ ఏం చేయొచ్చో కట్టడి చేసే లినక్స్ భద్రతా వ్యవస్థ). కర్ల్ మీ యూజర్‌తో నడుస్తుంది కాబట్టి దానికి ఆ అడ్డు లేదు. సెట్‌ఎస్ఈబూల్ కమాండ్‌తో, పెద్ద పీ ఆప్షన్ కలిపి, "హెచ్‌టీటీపీడీ క్యాన్ నెట్‌వర్క్ కనెక్ట్" బూలియన్‌ని 1 చేయండి. ఆ పీ మర్చిపోతే రీబూట్ అయ్యేదాకానే పనిచేస్తుంది. ఎస్ఈలినక్స్ మొత్తం ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు, వినకండి.

జావా_కుర్రాడు:
13నే ఉందండీ. బూలియన్ మార్చగానే వచ్చేసింది. మూడోది కూడా పెట్టాలి, సిస్టమ్‌డీతో (లినక్స్‌లో సర్వీసుల్ని నడిపేది). దానికి ఏ పోర్ట్ అయినా పర్లేదా?

గోదారి_అడ్మిన్:
32768 నుంచి 60999 మధ్యలో వద్దు. బయటికి వెళ్లే కనెక్షన్లకి లినక్స్ డిఫాల్ట్‌గా వాడుకునే పోర్టులవి. డేటాబేస్‌కి వెళ్లే ఏ కనెక్షనో మీ పోర్ట్ పట్టుకుని ఉంటే రీస్టార్ట్‌లో ఒకసారి లేస్తుంది, ఒకసారి లేవదు. 1024 కంటే తక్కువైతే మామూలు యూజర్‌తో తెరవనివ్వదు. 8280 ఇచ్చేయండి. ముందు ఎస్ఎస్ కమాండ్ ఎల్, టీ, ఎన్, పీ ఆప్షన్లతో రూట్‌గా కొడితే ఏ పోర్ట్ ఎవరి దగ్గరుందో పేరుతో సహా వస్తుంది.

సిస్టమ్‌డీ అయితే షట్‌డౌన్ పోర్ట్‌కి -1 ఇచ్చి ఆ తలుపే మూసేయండి. కెటలీనా స్క్రిప్ట్‌ని రన్ అనే ఆర్గ్యుమెంట్‌తో నడిపితే సిగ్‌టర్మ్‌కే (ఆగమని సిస్టమ్‌డీ పంపే సిగ్నల్) శుభ్రంగా ఆగుతుంది. ఆగినప్పుడు జావా 143 కోడ్ ఇస్తుంది, యూనిట్ ఫైల్‌లో దాన్ని సక్సెస్ ఎగ్జిట్ స్టేటస్‌గా రాయకపోతే ప్రతిసారీ "ఫెయిల్డ్" అని ఎర్రగా చూపిస్తుంది.