ఆఫీసు మెయిల్ సర్వర్‌లో ఖాతాలు: లినక్స్ యూజర్లా, ఫైలా, డేటాబేసా?

ప్రశ్న (భీమవరం):
అందరికీ నమస్కారమండి. మాది రొయ్యల ఎగుమతి ఆఫీసు, స్టాఫ్ 40 మంది లోపే. సొంత సర్వర్‌లో పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ తీసుకుని, పంపేది), డవ్‌కాట్ (ఇన్‌బాక్స్ చూపించేది) నడుస్తున్నాయి. ఒక్కొక్కరికీ లినక్స్ యూజర్ తెరిచి మెయిల్ ఇస్తున్నాం. ఇప్పుడు మేత అమ్మకాల కోసం రెండో డొమైన్ తీసుకున్నాం. రెండింటికీ ‘ఇన్ఫో’ అడ్రస్ పెడితే మెయిళ్లన్నీ ఒకే ఇన్‌బాక్స్‌లో పడుతున్నాయి. డేటాబేస్ పెట్టాలా, ఎల్‌డాప్ (అందరి లాగిన్లూ ఒకేచోట ఉంచే డైరెక్టరీ) పెట్టాలా?

జవాబు (రావులపాలెం):
లినక్స్ యూజర్లతో నడిపితే అంతేనండి. సిస్టమ్‌లో ‘ఇన్ఫో’ ఒక్కడే ఉంటాడు, ఏ డొమైన్‌కి వచ్చినా వాడికే చేరుతుంది. అంతకన్నా టెన్షన్ పెట్టేది ఇంకోటుంది. ఆ ఖాతాలకు షెల్ (సర్వర్‌లో కమాండ్లు ఇచ్చే వీలు) ఇచ్చి ఉంటే, మెయిల్ పాస్‌వర్డ్ దొరికినవాడు సర్వర్‌లోకే లాగిన్ కావచ్చు. మీ అడ్మిన్ ఖాతా తప్ప మిగతా అందరి షెల్ ఇవాళే ‘నోలాగిన్’కి మార్చేయండి.

మీకు కావలసింది వర్చువల్ యూజర్లు, అంటే లినక్స్ ఖాతా లేకుండా మెయిల్ మాత్రమే ఉండేవాళ్లు. మెయిల్ అంతా ‘వీమెయిల్’ లాంటి ఒక్క యూజర్ పేరు మీద ఉంటుంది. డొమైన్‌కో ఫోల్డరు, అందులో మనిషికో ఫోల్డరు. పూర్తి అడ్రసే యూజర్ నేమ్ కాబట్టి రెండు ‘ఇన్ఫో’లూ వేరైపోతాయి.

ఇంతమందికి టెక్స్ట్ ఫైలు చాలండి. ఖాతాకో లైను: అడ్రసు, కోలన్, పాస్‌వర్డ్ హ్యాష్ (అసలు పాస్‌వర్డ్ కనపడకుండా మార్చిన రూపం). ఫైలు మార్చితే డవ్‌కాట్ తనే చదువుకుంటుంది. పోస్ట్‌ఫిక్స్‌కి మాత్రం మెయిల్‌బాక్సుల జాబితా వేరేగా ఇచ్చి, మార్చినప్పుడల్లా ‘పోస్ట్‌మ్యాప్’ (జాబితాను పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి మార్చే కమాండ్) నడపాలి. ఈ జాబితా విషయంలో అశ్రద్ధ వద్దు. అది లేకపోతే లేని అడ్రసులకు వచ్చిన చెత్తంతా సర్వర్ తీసుకుని, ఆనక ఎవరెవరికో బౌన్స్ (మెయిల్ చేరలేదన్న జవాబు) పంపుతుంది. మీ ఐపీ బ్లాక్‌లిస్టులో పడుతుంది.

కమాండ్ లైన్ తెలియని హెచ్‌ఆర్ వాళ్లు బ్రౌజర్‌లోనే ఖాతాలు తెరవాలంటే అప్పుడు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, పైన పోస్ట్‌ఫిక్స్‌అడ్మిన్ పెట్టుకోండి. కానీ డేటాబేస్ ఆగిందంటే లాగిన్లూ ఆగుతాయి. ఎల్‌డాప్ అయితే, ఆఫీసు కంప్యూటర్ల లాగిన్లకు ఇప్పటికే వాడుతుంటేనే.

ప్రశ్న (భీమవరం):
పాస్‌వర్డులు అందరూ మళ్లీ పెట్టుకోవాలా అండి? ప్రాసెసింగ్ ప్లాంటులో చాలామంది ఫోన్లలోనే చూసుకుంటారు. మార్చే టైములో వచ్చే మెయిళ్లు పోతాయా?

జవాబు (రావులపాలెం):
అక్కర్లేదండి. లినక్స్ పాస్‌వర్డ్ హ్యాష్‌లు దాచే షాడో ఫైల్లోని హ్యాష్‌కి ముందు మీసాల బ్రాకెట్లలో ‘క్రిప్ట్’ అని తగిలించి కొత్త ఫైల్లో పెట్టండి, పాత పాస్‌వర్డే పనిచేస్తుంది. డవ్‌కాట్‌లో డిఫాల్ట్ రియల్మ్‌గా (యూజర్ నేమ్‌లో డొమైన్ లేకపోతే తనే కలుపుకునేది) పాత డొమైన్ ఇస్తే, ఫోన్లలో ఉన్న పొట్టి యూజర్ నేమ్‌లూ నడుస్తాయి. మెయిళ్లు పోవు. మీ సర్వర్ పలకకపోతే పంపినవాళ్ల సర్వర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజులు ఆగుతుంది.

జవాబు (నరసాపురం):
ఒక మాట కలుపుతానండి. విదేశీ కొనుగోలుదారులకు మనిషి పేరున్న అడ్రస్ ఇవ్వకండి. నాకు తెలిసిన ఒక ఆఫీసులో డాక్యుమెంట్లు చూసే అబ్బాయి మానేశాడని ఖాతా తీసేశారు. బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడకెక్కిన సరుకు పత్రం) సవరణ అతని అడ్రసుకే వచ్చి బౌన్స్ అయింది. కొనుగోలుదారు ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియలేదు, అప్పటికి కంటైనర్ పోర్టులో ఉంది. ‘ఎక్స్‌పోర్ట్స్’ అని ఒక అలియాస్ (వచ్చిన మెయిల్‌ను వేరే అడ్రసులకు పంపే అడ్రస్) పెట్టి ఇద్దరికి వెళ్లేలా చేయండి. ఎవరైనా మానేస్తే ఖాతా తీసేయకుండా పాస్‌వర్డ్ మార్చి, ఆ అడ్రసును వర్చువల్ అలియాస్ జాబితాలో కొత్తగా వచ్చినవాళ్లకి తిప్పండి. పోస్ట్‌ఫిక్స్ ముందు అలియాసే చూస్తుంది కాబట్టి కొత్త మెయిల్ వాళ్లకి వెళ్తుంది, పాత మెయిల్ ఉన్నచోటే ఉంటుంది.